మా దారికి అడ్డం పడిన తలల లెక్క

ఈసారి ఆకు గురించో రోగాల గురించో కాదు, దారి గురించి రాస్తున్నాం.

మాది శిడ్లఘట్ట పక్క, చెరువు వెనకాల ఉన్న పల్లె. 68 ఇండ్లు. అందులో సగానికి పైగా పురుగు మేపేవాళ్లమే. తార్రోడ్డుకి మూడు కిలోమీటర్లు మట్టిబాట, మధ్యలో చెరువు మరవ. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్లకి బస్సు టికెట్ లేదు, సంతోషమే. ఆ బస్సు ఎక్కాలంటే మాత్రం మా ఆడపిల్లలు ముందు మూడు కిలోమీటర్లు నడవాల.

పోయిన వానాకాలం బైవోల్టిన్ గూళ్లు ఎనిమిదో రోజు విడిపించినాం. తెల్లారి నాలుగుకి రావాల్సిన టెంపో మరవ నీళ్లు చూసి అవతలే నిలబడింది. మూటలు తలమీద పెట్టుకొని ఒక్కొక్కటే దాటించేసరికి ఎనిమిది దాటింది. మూటలో కుక్కిన గూడు సంగతి మీకు తెలిసిందే. లోపల పురుగు ప్రాణంతో ఉంటుంది, వేడి పుడుతుంది, చెమ్మ పడుతుంది. ఒత్తిడికి ప్యూపా నలిగిందంటే లోపలి నుంచే మరక. మార్కెట్‌లో రీలరు చెయ్యి పెట్టి చూసి, "వెచ్చగా ఉన్నాయి గదన్నా" అన్నాడు. ఆ రోజు రోడ్డు పక్క ఊరోళ్ల ధర కన్నా మాకు కిలోకి 60 రూపాయలు తక్కువ. మా ఇంటివే 82 కిలోలు. మేత తక్కువై పోయిన డబ్బు కాదు, రోగం వచ్చి పోయిందీ కాదు.

దారి ఎందుకు పడలేదని అడుగుతూ పోతే విషయం జనాభా దగ్గర తేలింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు అనేది దాని కొలత. ఇప్పుడు నడుస్తున్న నాలుగో విడతకి కూడా 2011 జనగణనే ఆధారం. మా పల్లెలో 340 మందిమి. ఇంకొక చిక్కు, జనగణన పుస్తకంలో మా పేరే కనపడదు. లెక్కంతా రెవిన్యూ గ్రామం పేరు కింద ఉంటుంది, మాది దాని మజరా.

అయితే అదే నియమాల్లో ఇంకో మాట ఉంది. 500 మీటర్ల లోపల ఉన్న ఆవాసాలని కలిపి ఒకటిగా లెక్కపెట్టవచ్చు. చెరువు కట్టకి అవతలి పల్లె మాకు అంత దూరం కూడా లేదు, అక్కడ 210 మంది. రెండూ కలిస్తే 550. ఇన్నేళ్లూ రెండు పల్లెలూ చెరువు నీళ్ల కాడ కొట్లాడుకున్నాయే గానీ, ఒక అర్జీ మీద కలిసి సంతకం పెట్టలేదు. తప్పు మాది కూడా ఉంది. ఈ సంక్రాంతి తర్వాత ఇంటింటి పట్టీ రాసి, రెండు పల్లెల సంతకాలతో గ్రామసభలో ఇచ్చినాం. జవాబు ఇంకా రాలేదు.

2021లో కావాల్సిన జనగణన ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1 నాటి లెక్కగా జరుగుతుంది. తలల లెక్క ఫిబ్రవరిలో. బెంగళూరులో కూలికి పోయి నెలకోసారి వచ్చే పిల్లోళ్ల సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి, ఎవరు ఎక్కడ ఉంటున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాతృభాష అడిగినప్పుడు తెలుగు అని నోరు తెరిచి చెప్పండి. బయట కన్నడం మాట్లాడతాం గదా అని వాళ్లే రాసేసుకుంటే ఊరుకోకండి.

దారి పడేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం గదా. నాలుగు ఇండ్లవాళ్లం చాకీ ఒకే రోజు దించుకుంటున్నాం. గూళ్లు ఒకే రోజు వస్తాయి, ఒక్క టెంపో చాలు, బాడుగ నాలుగు భాగాలు. కష్టం లేకపోలేదు, పండిన పురుగుని చంద్రికలకి ఎక్కించే రోజు నాలుగిండ్లకీ కూలోళ్లు ఒకేసారి కావాల. అందుకే ఒకరింటికి ఒకరు పోతున్నాం. మూటలు వదులుగా, నైలాన్ వలసంచుల్లో కడుతున్నాం. వాన పట్టిందంటే ముందురోజు సాయంత్రమే గూళ్లు మరవ దాటించి, రోడ్డు పక్కన మా బంధువుల వసారాలో తట్టల్లో పరిచి, రాత్రంతా ఒకరు కావలి పడుకుంటున్నారు. పోయిన పంటకి నా వంతు వచ్చింది, దోమలు మాత్రం నిద్రపోనీలేదు.