ట్యాలీ అప్‌డేట్ చేయగానే లెక్కలు మాయమయ్యాయా? కంగారొద్దు.. ముందు ఈ పనులు చేయండి!

క్రోసూరు: పల్నాడు జిల్లా క్రోసూరు లాంటి మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు నడపాలంటే సరుకు ఒక్కటే ఉంటే చాలదు.. లెక్క కూడా ఉండాలి. మిర్చి, పత్తి వేసే రైతులు సీజన్ మొదట్లో ఖాతా మీద తీసుకెళ్తారు. పంట చేతికొచ్చాక బాకీ కడతారు. ఒకప్పుడు ఈ లెక్కంతా చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు చాలా షాపుల్లో కంప్యూటర్‌లో, ట్యాలీలో ఉంటోంది. ఏ రైతు ఎంత బాకీ, కంపెనీకి ఎంత కట్టాలి, జీఎస్టీ ఎంత.. అన్నీ అందులోనే.

అందుకే కొత్త వెర్షన్ వేసిన రోజు కంపెనీ పేరు స్క్రీన్ మీద కనిపించకపోతే గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు డేటా ఎక్కడికీ పోదు. ఆ కంగారులో చేసే పనుల వల్లే అసలు నష్టం జరుగుతుంది. ఏ సమస్య ఎందుకు వస్తుంది? ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అప్‌డేట్ నొక్కే ముందు..

ట్యాలీ ఈఆర్‌పీ 9 తర్వాత 2020 నవంబర్‌లో ట్యాలీ ప్రైమ్ వచ్చింది. ప్రైమ్‌లో 3.0 రిలీజ్ నుంచి ఒక పెద్ద మార్పు ఉంది. పాత డేటాను కొత్త పద్ధతిలోకి మార్చుకుంటేనే అది తెరుచుకుంటుంది. ఒకసారి మారిన డేటా మళ్లీ పాత వెర్షన్‌లో ఓపెన్ కాదు. అంటే ఇది వన్ వే రోడ్డు. వెనక్కి రావాలంటే ముందు తీసుకున్న బ్యాకప్ ఒక్కటే దారి.

కాబట్టి ముందుగా నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడు వాడుతున్న రిలీజ్ నంబర్, లైసెన్స్ సీరియల్ నంబర్, లైసెన్స్‌కు ఇచ్చిన ఈమెయిల్ ఐడీ, డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ దారి. మొదటి రెండూ హెల్ప్‌లోని అబౌట్‌లో కనిపిస్తాయి.

తర్వాత బ్యాకప్. ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది. అందులో బ్యాకప్ ఉంటుంది. అది తీశాక ట్యాలీని పూర్తిగా మూసేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి విడిగా కాపీ చేసుకోవాలి. రెండూ ఉంటే మంచిది. అదే కంప్యూటర్‌లో ఇంకో డ్రైవ్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు. హార్డ్ డిస్క్ పోతే రెండూ పోతాయి.

ట్రయల్ బ్యాలెన్స్ ఒక ప్రింట్ తీసి పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత అంకెలు సరిపోయాయా లేదా అని చూసుకోవడానికి అదే సాక్ష్యం.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతోందా?

దీనికి సాధారణంగా నాలుగు కారణాలు. ఒకటి, కంప్యూటర్ 32 బిట్ విండోస్‌తో ఉండటం. ట్యాలీ ప్రైమ్‌కు 64 బిట్ విండోస్ కావాలి. పాత సిస్టమ్ అయితే ముందు ఇది చెక్ చేయాలి. రెండు, నెట్ సరిగా లేక సెటప్ ఫైల్ సగమే దిగడం. అప్పుడు ఫైల్ డిలీట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి. మూడు, అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకపోవడం. సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోవాలి. నాలుగు, వెనకాల పాత ట్యాలీ ఇంకా నడుస్తూ ఉండటం. అన్ని విండోలు మూసి, ఒకసారి రీస్టార్ట్ చేసి ప్రయత్నించాలి.

యాంటీవైరస్ అడ్డుపడినా ఇదే పరిస్థితి. అయితే యాంటీవైరస్‌ను శాశ్వతంగా తీసేయడం పరిష్కారం కాదు. సెటప్ కంపెనీ సైట్ నుంచే వచ్చిందని నిర్ధారించుకున్నాక, ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

'ఎడ్యుకేషనల్ మోడ్' అని వస్తోందా?

అప్‌డేట్ తర్వాత ఎక్కువ మందిని భయపెట్టేది ఇదే. ఈ మోడ్‌లో నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలకు మాత్రమే ఎంట్రీ వేయనిస్తుంది. ట్యాలీ పాడైపోయిందని అనుకుంటారు. కానీ సమస్య లైసెన్స్‌ది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ట్యాలీ లైసెన్స్ వేరు, టీఎస్‌ఎస్ అనే వార్షిక సబ్‌స్క్రిప్షన్ వేరు. టీఎస్‌ఎస్ గడువు ముగిసినా, అప్పటికి అర్హత ఉన్న రిలీజ్ పనిచేస్తూనే ఉంటుంది. కానీ గడువు తర్వాత విడుదలైన కొత్త రిలీజ్ వేస్తే లైసెన్స్ ఒప్పుకోదు. అప్పుడు రెండే దారులు. టీఎస్‌ఎస్ రెన్యువల్ చేయించుకోవాలి, లేదంటే అర్హత ఉన్న పాత రిలీజ్ మళ్లీ వేసుకోవాలి. రెండో దారిలో వెళ్తే, డేటా అప్పటికే మారిపోయి ఉంటే పాత బ్యాకప్ కావాల్సిందే.

గడువు ఉన్నా ఇదే మెసేజ్ వస్తే, ఇంటర్నెట్ ఆన్ చేసి హెల్ప్‌లోని సెట్టింగ్స్‌లోకి వెళ్లి లైసెన్స్ అప్‌డేట్ చేయాలి. కొత్త కంప్యూటర్‌కు మారుతుంటే, పాత దాన్ని ఫార్మాట్ చేసే ముందే అక్కడ లైసెన్స్ సరెండర్ చేయాలి.

సిస్టమ్ ఒక్కసారిగా చనిపోయి సరెండర్ చేయలేకపోతే? లైసెన్స్‌కు ఇచ్చిన ఈమెయిల్‌తో రీసెట్ చేసుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, చాలా షాపుల్లో ఆ ఈమెయిల్ ఓనర్‌ది కాదు. ఎప్పుడో పనిచేసి వెళ్లిపోయిన గుమాస్తాదో, అమ్మిన డీలర్‌దో అయ్యుంటుంది. ఈ రోజే అడిగి మీ సొంత ఈమెయిల్‌కు మార్పించుకోండి.

కంపెనీ పేరే కనిపించడం లేదా?

ఇందులో చాలావరకు దారి తప్పిన కేసులే. కొత్త వెర్షన్ తన సొంత డేటా ఫోల్డర్‌లో వెతుకుతుంది. మీ లెక్కలు పాత ఫోల్డర్‌లోనే ఉంటాయి. 'సెలెక్ట్ కంపెనీ' తెరిచి, 'స్పెసిఫై పాత్' ద్వారా పాత ఫోల్డర్ చూపిస్తే పేరు వచ్చేస్తుంది. ఎక్కడుందో తెలియకపోతే, పాత ట్యాలీ ఫోల్డర్‌లో 'డేటా' అనే ఫోల్డర్ వెతకండి. లోపల 10000 లాంటి అంకెల పేరుతో ఉన్న ఒక్కో ఫోల్డర్ ఒక్కో కంపెనీ.

ఈ దశలో చేయకూడని పని ఒకటుంది. కనిపించడం లేదని అదే పేరుతో కొత్త కంపెనీ సృష్టించి బిల్లులు కొట్టడం మొదలుపెట్టొద్దు. నాలుగు రోజుల తర్వాత పాతది దొరికితే రెండు పుస్తకాలవుతాయి. బిల్లు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. రైతు కట్టిన డబ్బు ఒక దాంట్లో, బాకీ ఇంకో దాంట్లో ఉంటుంది.

'మెమరీ యాక్సెస్ వయొలేషన్' అంటే?

ఎంట్రీ వేస్తుండగా కరెంటు పోవడం, డేటాను పెన్‌డ్రైవ్‌లో పెట్టి నేరుగా వాడటం.. ఇలాంటి వాటివల్ల ఫైళ్లు దెబ్బతింటాయి. అప్పుడు ఈ ఎర్రర్ రావచ్చు. డీలర్ రాసిచ్చిన బిల్లు ఫార్మాట్ ప్రోగ్రామ్, అంటే టీడీఎల్, కొత్త వెర్షన్‌తో పొసగకపోయినా వస్తుంది. కాబట్టి ముందు టీడీఎల్ ఆపి చూడండి. సరిపోతే దాన్ని కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్పించుకుంటే చాలు.

అప్పటికీ కాకపోతే డేటా మెనూలో 'రిపేర్' ఉంది. కానీ అసలు డేటా మీద నేరుగా చేయొద్దు. ముందు కాపీ తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే రిపేర్‌లో బాగా దెబ్బతిన్న వోచర్లు పోయే అవకాశం ఉంది. పూర్తయ్యాక ప్రింట్ తీసిన ట్రయల్ బ్యాలెన్స్‌తో పోల్చి చూసుకోవాలి. చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

రేట్లు వాటంతటవే మారవు

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. 12, 28 శాతం శ్లాబులు తీసేశారు. ట్రాక్టర్లు 12 నుంచి 5 శాతానికి, సిమెంట్ 28 నుంచి 18 శాతానికి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే రేట్లు కూడా మారిపోతాయని కొందరు అనుకుంటున్నారు. ఐటెమ్‌లో మీరు పెట్టిన రేటును మీరే మార్చాలి. 'ఏ తేదీ నుంచి వర్తిస్తుంది' అన్న చోట సరైన తేదీ ఇవ్వాలి. లేకపోతే పాత బిల్లుల లెక్క కూడా తారుమారవుతుంది.

అలాగే డేటా మారాక జీఎస్టీ రిపోర్టులో 'అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్' అని కొన్ని బిల్లులు పక్కకు వస్తాయి. అవి పోయినట్టు కాదు. జీఎస్టీ నంబరో, హెచ్‌ఎస్‌ఎన్ కోడో, రేటో సరిగా లేదని అర్థం. ఒక్కొక్కటి సరిచేశాకే రిటర్న్ వేయాలి.

గడువు దగ్గరపడితే..

ట్యాలీ తెరుచుకోలేదని రిటర్న్ గడువు ఆగదు. నెలవారీ వేసేవారికి జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11న, 3బీ 20న. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకు ఏపీలో 13న, 22న. దాటితే 3బీకి రోజుకు రూ.50, అమ్మకాలు లేని రిటర్న్ అయితే రూ.20 ఆలస్య రుసుము. కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. బిల్లు కాపీలు ఉంటే నేరుగా జీఎస్టీ పోర్టల్‌లోనే వివరాలు టైప్ చేసి రిటర్న్ వేయొచ్చు. అందుకే గడువుకు ముందు రెండు మూడు రోజుల్లో, మార్చి నెలాఖరులో అప్‌డేట్ జోలికి పోకపోవడమే మంచిది.

క్రాక్, ఫోన్ కాల్.. రెండూ ప్రమాదమే

ఫ్రీగా వస్తుందని క్రాక్ వెర్షన్ వేస్తే దాంతో వైరస్ కూడా రావచ్చు. లాక్ పడిన ఫైళ్లకు డబ్బులు డిమాండ్ చేసే మోసాలూ ఉన్నాయి. 'ట్యాలీ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ కోడ్ చెప్పండి' అని అడక్కుండానే ఎవరైనా ఫోన్ చేస్తే ఇవ్వొద్దు. ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు పనులు కూడా చేస్తుంటే ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

లెక్కలు ఎన్నాళ్లు దాచాలి?

జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్లు రికార్డులు ఉంచాలి. సిస్టమ్ క్రాష్ అయిందన్న కారణంతో ఆ బాధ్యత తప్పదు. కాబట్టి ఏడాదికి ఒక బ్యాకప్ విడిగా పెన్‌డ్రైవ్‌లో వేసి, షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి. అప్పుడప్పుడూ అది తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

ఇవన్నీ చేసినా కుదరకపోతే సత్తెనపల్లి నుంచో గుంటూరు నుంచో మనిషిని పిలిపించాల్సి రావచ్చు. ఫోన్‌లోనే రిలీజ్ నంబర్, సీరియల్ నంబర్, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ ఫొటో పంపండి. ఆయన వచ్చేదాకా కంప్యూటర్‌లో ఏదీ డిలీట్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు.