చలి ఉదయాన మొరాయించే పాత మోటారు సైకిలు

హైదరాబాదు నుండి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద, అద్దంకి రోడ్డు విడివడే కూడలిలో నార్కట్‌పల్లి ఉన్నది. ఆ చుట్టుపట్ల గ్రామాలలో పాలు పోసేవారికీ, కూరగాయలు తెచ్చేవారికీ, వేకువనే పనికి బయలుదేరేవారికీ మోటారు సైకిలే ఆధారం. కొత్తది కొనే స్తోమత లేనివారు పాతబండితో సరిపెట్టుకుంటారు. ఎండాకాలంలో కొన్న ఆ బండి ఒక్క కిక్కుకే అందుకుంటుంది. పుష్యమాసం వచ్చేసరికి ఇరవై కిక్కులు కొట్టినా పలకదు. తీరా అందుకున్న తరువాత, రేజు ఇవ్వకుండానే హోరుమని తిరుగుతుంది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులని తలచి చాలామంది రెండు వైద్యాలు చేయిస్తారు. వాస్తవానికి తరచుగా రెండింటికీ మూలం ఒక్కటే. యంత్రంలోకి పోయే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, గాలి హెచ్చడమే ఆ మూలం.

పెట్రోలు ఆవిరియై గాలితో కలిసినప్పుడే చక్కగా మండుతుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ కలయికను సమకూర్చే సాధనం కార్బురేటర్. దాని నడుమ ఇరుకైన గొంతు ఉంటుంది. గాలి అక్కడ వేగంగా సాగి, దాని పీడనం తగ్గుతుంది. ఆ లోటులోకి సన్నని గొట్టం ద్వారా పెట్రోలు ఎగబీల్చబడుతుంది. ప్రవాహాల ఈ లక్షణాన్ని పరిశోధించి 1797లో ప్రకటించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి పేరే నేటికీ ఆ గొంతుకు నిలిచి ఉన్నది.

చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కాబట్టి ఆ వేళ మామూలు కంటె ఎక్కువ పెట్రోలు అందవలెను. అందుకే చోక్ ఏర్పడినది. కొన్ని బండ్లలో అది గాలి దారికి అడ్డుపలక. మరికొన్నింటిలో అదనపు పెట్రోలుకు తెరుచుకునే చిన్న దారి. మంచుదేశాలలో మంచుమీద పరుగెత్తే కార్బురేటర్ బండ్లకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది, ఇవే రోగాలు వస్తాయి.

బండి నిలిచి ఉండి యంత్రం నెమ్మదిగా తిరిగే స్థితిని ఐడ్లింగు అంటారు. అప్పుడు పెట్రోలు పైలట్ జెట్ అనే సన్నని రంధ్రం గుండా వస్తుంది. చిన్న బండ్లలో దాని వ్యాసం సాధారణంగా అర మిల్లీమీటరు కంటె తక్కువ. బండి నెలల తరబడి కదలక నిలిచిపోతే, పెట్రోలు ఆరి మిగిలిన జిగురు ఆ రంధ్రాన్ని పూడ్చివేస్తుంది. అప్పుడు చలిలో బండి అందుకోదు, అందుకున్నా ఆగిపోతుంది. ఆగకుండా ఉండడానికి అమ్మేవారో, తొందరపడిన మెకానిక్కో ఐడ్లింగు స్క్రూను బిగించి వేగం పెంచుతారు. యంత్రం వేడెక్కిన పిమ్మట ఆ పెంపే హోరుగా వినబడుతుంది. ఆ స్క్రూ జబ్బును కప్పిపుచ్చినదే తప్ప పోగొట్టలేదు.

రెండవ కారణం దొంగగాలి. కార్బురేటరును యంత్రానికి కలిపే రబ్బరు గొట్టం బీటలు వారినా, ప్యాకింగు పాడైనా, లెక్కకు రాని గాలి లోపలికి చొరబడుతుంది. దానివల్ల చలిలో బండి అందుకోదు. అందుకున్న తరువాత వేగం దిగిరాదు.

కాబట్టి ఖర్చు తక్కువ పనితో మొదలుపెట్టి వరుసగా పరీక్షించవలెను. ముందు ప్లగ్గు విప్పి చూడండి. దాని కొన బిస్కట్ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు, తెల్లబారితే గాలి హెచ్చినట్లు, మసి పట్టితే పెట్రోలు హెచ్చినట్లు గ్రహించవచ్చు. మసి ఉన్నప్పుడు చోక్ పూర్తిగా వెనుకకు పోవుచున్నదా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినదా చూడవలెను.

తరువాత యాక్సిలరేటర్ వైరు. యంత్రం తిరుగుతుండగా హ్యాండిలును కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పండి. వేగం మారితే వైరు బిగిసినదని అర్థం. పిడి వదలగానే చటుక్కున వెనుకకు రావలెను. అలా రాని బండి మీద రహదారి కూడలి దాటడం ప్రాణాపాయం.

ఆ మీదట రబ్బరు అతుకుల వద్ద సబ్బునీటిని కొద్దికొద్దిగా చిలకరించండి. యంత్రపు ధ్వని మారిందంటే గాలి అక్కడే దూరుతున్నది. ఈ పరీక్షకు పెట్రోలు వాడరాదు. వేడి యంత్రం మీద అది భగ్గుమంటుంది. అతుకులు గట్టిగా ఉంటే కార్బురేటర్ విప్పించి పైలట్ జెట్‌ను ద్రావకంతోనూ గాలి ఒత్తిడితోనూ శుభ్రం చేయించవలెను. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత చెడుతుంది.

ఇంకా లోపం మిగిలితే, ఫోర్ స్ట్రోక్ బండికి ట్యాపెట్ల సందు కొలిపించండి. సందు మరీ తగ్గితే చలిలో కంప్రెషన్ సరిపోదు. పాత టూ స్ట్రోక్ స్కూటరుకు క్రాంక్ సీళ్లు చూపించండి. అవి కారి మిశ్రమం పలుచబడితే పిస్టను వేడెక్కి పట్టివేయవచ్చు, పరుగులోనే చక్రం ఆగిపోవచ్చు.

ఇవన్నీ సరియైన పిమ్మటనే, యంత్రం బాగా వేడెక్కనిచ్చి, బండి పుస్తకంలో చెప్పిన వేగానికి ఐడ్లింగు స్క్రూ సరిచేయవలెను. అనేక చిన్న బండ్లకు అది నిమిషానికి 1,400 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ పనులు ఆరుబయటనే చేయండి. మూసిన గదిలో యంత్రం నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు, మనిషిని చంపే శక్తి ఉన్నది.

2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటా కార్బురేటర్ స్థానంలో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టరు వచ్చినది. వాటి లోపాలను సెన్సార్ల పరీక్షతో తేల్చవలసి ఉంటుంది. పైన చెప్పిన వరుస అంతకు ముందరి బండ్లకు. నేడు పాతబండ్ల బేరంలో అవి ఇంకా విరివిగా కనబడుతూనే ఉన్నవి.

బేరానికి పోయేవారు తెల్లవారుజామున పోవడం మేలు. అమ్మేవారు కిక్కు కొట్టకముందే యంత్రం మీద చేయి పెట్టి చూడండి. అది వెచ్చగా తగిలితే, చల్లారే వరకు ఆగి, మీ కాలితో మీరే ఒక కిక్కు కొట్టి చూడండి. డబ్బు ఆ తరువాత లెక్కించవచ్చు.