ఆట అయిపోయాక ఏంటి?

కాలేజీ జట్టులో ఆడుతున్నారా? అయితే ‘ఆ బంతి రేపు కూడు పెడుతుందా?’ అన్న మాట ఇంట్లో ఈపాటికే విని ఉంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. జవాబు వెతకండి. మన ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చేరే హైదరాబాద్‌లోనే, దాదాపు వందేళ్ల కిందట ఒక విద్యార్థి దానికి జవాబు వెతుక్కున్నాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఇప్పుడు ఫొటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేదు, అది 1939లో ప్రారంభమైంది. రహీం అక్కడ చదువుతూనే ఫుట్‌బాల్ ఆడారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసిన ‘ఎలెవన్ హంటర్స్’ జట్టులోనూ, తర్వాత ఖమర్ క్లబ్‌లోనూ ఆడారు. అయితే ఆ రోజుల్లో బంతి తన్నినందుకు జీతమిచ్చేవారు లేరు. బతుకుతెరువు వేరే చూసుకోవాల్సిందే.

ఆయనేం చేశారు? డిగ్రీ పూర్తిచేసి బడిపంతులయ్యారు. అక్కడితో ఆగితే ఆట జ్ఞాపకంగా మిగిలిపోయేది. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, పాఠశాలల్లో ఆటల బాధ్యత చేపట్టారు. మలుపు అక్కడే ఉంది. ఇష్టానికి అర్హత తోడైంది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మాస్టారి పద్ధతి శిక్షణలోనూ కనిపించేది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక టోర్నీ, బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతో మరొకటి పెట్టేవారు. లోపం ఎక్కడుందో అక్కడే సాధన అన్నమాట.

భారత జట్టు కోచ్‌గా ఆయన దారి నున్నగా సాగలేదు. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మన ఆటగాళ్లలో చాలామంది అప్పటికి బూట్లు లేకుండానే ఆడేవారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి మళ్లీ స్వర్ణం అందుకుంది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

మరి మీరేం చేయాలి?

అందరూ రహీం కాలేరు. కానీ ఆయన వేసిన అడుగు మాత్రం మీరూ వేయొచ్చు.

* ఇంటర్ అయ్యాక డీపీఈడీ, డిగ్రీ అయ్యాక బీపీఈడీ ఉన్నాయి. ప్రవేశానికి పీఈసెట్ రాయాలి. ఇందులో పెన్ను పరీక్ష కాదు, దేహదారుఢ్యం, ఆటలో నైపుణ్యం చూస్తారు. వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు ఇదే దారి.

* కోచ్ కావాలంటే పటియాలాలోని ఎన్ఐఎస్‌లో డిప్లొమా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి, సి, బి, ఎ లైసెన్స్ కోర్సులు దశలవారీగా నిర్వహిస్తుంది.

* రైల్వే, పోలీసు వంటి శాఖల్లో క్రీడా కోటా నియామకాలు జరుగుతుంటాయి. యూనివర్సిటీ జట్టు తరఫున అంతర్‌విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఫారం-3 ధ్రువపత్రం కావాలి. కాలేజీ వదిలాక దానికోసం తిరగడం కష్టం. చదువుతుండగానే తీసుకుని భద్రపరచుకోండి.

ఆటను వదిలేయమని ఎవరైనా అంటే వాదించకండి. ఈ వారమే మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ సార్‌ను కలిసి, మీ దగ్గరున్న సర్టిఫికెట్లు ఏ నోటిఫికేషన్‌కు పనికొస్తాయో అడిగి రాసుకోండి. ఇంట్లో చూపించడానికి మాటల కంటే ఆ కాగితమే నయం.