గ్యాస్ అని తేల్చేసే ముందు

ఛాతీలో బరువుగా ఉందనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట 'గ్యాస్ అయ్యుంటుంది'. సోడా తాగడమో, మెడికల్ షాపులో మాత్ర అడగడమో ఆ వెంటనే జరిగిపోతుంది. ఆ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి గుండెపోటు ఉండదు. కండరం పట్టేయడం, పుల్లటి త్రేన్పులు, ఆందోళన వంటి కారణాలు బోలెడు. అయినా ఎమర్జెన్సీ వైద్యులు లెక్క తిరగేసి చేస్తారు. ఎక్కువమందికి ఏముంటుందన్నది పక్కనపెట్టి, ఏది కనిపెట్టకపోతే మనిషి దక్కడో దాన్ని ముందు వెతుకుతారు. గుండెపోటు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, బృహద్ధమని గోడ చీలడం లాంటివి కావని తేలాకే గ్యాస్ పేరెత్తాలి. ఈ వరస ఆస్పత్రికే కాదు, ఇంటికీ అవసరం.

ఎందుకంటే లక్షణాలను చూసి మనంతట మనం తేల్చుకోలేం. గుండె పట్టుకుని కుప్పకూలడం సినిమాల్లో ఎక్కువ. నిజానికి నొప్పి దవడకో, వీపుకో, చేతికో పాకవచ్చు. గుండె కింది భాగానికి రక్తం అందకపోతే పైపొట్టలో మంట, వికారం మాత్రమే ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, చల్లటి చెమటలు, నీరసంతోనే బయటపడవచ్చు. 'మాత్ర వేసుకుంటే తగ్గిందిగా' అంటారు. గుండె నొప్పి తనంతట తానే తగ్గి మళ్లీ వస్తుంది కాబట్టి అది రుజువు కాదు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో తగ్గితే గుండె జబ్బేనని అనడమూ అంతే. అది అన్నవాహిక కండరాలనూ సడలిస్తుంది. పైగా బీపీ తక్కువగా ఉన్నప్పుడు అది ప్రమాదం.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది 'ఈసీజీ నార్మల్' అన్న మాట. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమమే. కానీ అది ఆ కాసేపటి సంగతే చెబుతుంది. రక్తనాళంలో గడ్డ ఒకసారి అడ్డుపడి, కాసేపు దారి వదిలి, మళ్లీ మూసేయవచ్చు. గుండె వెనక గోడకు తగిలిన దెబ్బ మామూలు 12 లీడ్లలో సరిగా కనబడకపోవచ్చు. నొప్పి ఉండగా మళ్లీ మళ్లీ తీయడం అందుకే. ట్రోపోనిన్ రక్తపరీక్షదీ ఇదే కథ. కండరం దెబ్బతిన్నాక ఆ పదార్థం రక్తంలో పెరగడానికి సమయం పడుతుంది. అందుకే తొలి ఫలితం బాగున్నా, కొత్త రకం పరీక్షలైతే ఒకటి నుంచి మూడు గంటల్లో, పాతవైతే ఇంకా ఆలస్యంగా మరోసారి చూస్తారు.

ఇదంతా బిల్లు పెంచే ఎత్తు కాదా? ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. అయితే ఇక్కడ కావాల్సింది నేరుగా యాంజియోగ్రామ్ కాదు. రెండు మూడు ఈసీజీలు, రక్తపరీక్ష, కొన్ని గంటల ఓపిక. 2008లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రతిపాదించిన హార్ట్ స్కోరు రోగి చెప్పిన తీరు, ఈసీజీ, వయసు, షుగర్-బీపీ-పొగతాగడం లాంటి ముప్పులు, ట్రోపోనిన్ అనే అయిదింటికి మార్కులు వేస్తుంది. మార్కులు తక్కువైతే ఇంటికి పంపేయవచ్చు. అంటే పద్ధతిగా చూడటమే అక్కర్లేని పరీక్షలకూ అడ్డుకట్ట.

గుండెపోటని తేలితే ఆలస్యానికి ధర చాలా ఎక్కువ. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో సుమారు 17 వేలమంది రోగులున్నారు. ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను దాదాపు నాలుగోవంతు తగ్గించింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ తోడైతే తగ్గుదల 42 శాతం. ఆ ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే ప్రయోజనం దాదాపు ఉండదు. అలాగని ఆస్పిరిన్ అందరికీ కాదు. ధమని చీలినా, కడుపులో రక్తస్రావం ఉన్నా అది హాని చేస్తుంది కాబట్టి వైద్యుణ్ని అడిగి నమలాలి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లే కన్నా 108కి ఫోన్ చేయడం మేలు. దారిలో గుండె ఆగితే షాక్ ఇవ్వాల్సి రావచ్చు. ఏ ఆస్పత్రికి వెళ్లాలన్నది కూడా పేరును బట్టి కాక, రాత్రి రెండింటికైనా ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరా అన్నదాన్ని బట్టి ముందే తెలుసుకుని ఉంచుకోవాలి.