ఊరి పక్క కొండ మీద దారి ఎవరిది?

నార్వే పేరు చెప్పగానే మనకు కనిపించేవి రెండు మూడు బొమ్మలే. లీసె ఫియోర్డ్ అనే సముద్రపు పాయ నీళ్ళకు 604 మీటర్ల పైన బల్లపరుపుగా నిలిచిన ప్రైకెస్టూలెన్ బండ ఒకటి. సరస్సు మీదికి పొడుచుకొచ్చిన ట్రోల్‌టుంగా రాయి ఇంకొకటి. ప్రయాణాల పుస్తకాలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. ఆ దేశస్థులు వారం వారం కాళ్ళరిగేలా తిరిగేది మాత్రం ఊరి పక్కనే ఉండే, ఎవరూ ఫోటో తీసి గోడకు పెట్టుకోని, చెట్లు కమ్మిన పొట్టి కొండల మీద. నార్వే నడక సంప్రదాయాన్ని నిలబెడుతున్నవి ఈ పొట్టి కొండలేనన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట. అవి అందరికీ తెరిచి ఉండటం ప్రకృతి దయ వల్ల జరిగిన పని కాదు. దాని వెనక ఒక చట్టం ఉంది, ఆ చట్టాన్ని మోస్తున్న చాకిరీ ఉంది, నడిచేవాళ్ళు పాటించే హద్దులున్నాయి. ఇందుకు ఓస్లోకు పడమట, బేరుమ్ మునిసిపాలిటీలో ఉన్న కోల్సోస్ కొండను ఉదాహరణగా తీసుకుందాం.

కోల్సోస్ ఎత్తు 400 మీటర్లు కూడా లేదు. దానికి రెండు కొసలు: దక్షిణపు కొస నుంచి ఓస్లో ఫియోర్డ్, దానిలోని దీవులు కనిపిస్తాయి, ఉత్తరపు కొస ఇంకాస్త ఎత్తు, కానీ అడవి మాటున ఉంటుంది. ఓస్లో మెట్రోలో 3వ నంబరు లైను చివరి స్టేషను పేరే కోల్సోస్. అక్కడ దిగి నడిచిపోతే కొండ పాదం వస్తుంది. పాదం దగ్గర నేల 40 కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రపు అడుగు: సున్నపురాయి, షేల్. దాని మీద ఇసుకరాయి, ఆ పైన సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట భూమి చీలి ఎగజిమ్మిన లావా. మొదట బసాల్టు, అన్నిటికంటే పైన రోంబ్ పోర్ఫిరీ అనే రాయి. ఎర్రటి గోధుమరంగు రాతిలో పలకల్లాంటి లేత స్ఫటికాలు పొదిగి ఉండే ఈ రకం ప్రపంచంలో చాలా అరుదు. పెంకుటింటి కప్పు కింద మట్టిగోడ నిలిచినట్టు, ఈ గట్టి లావా పొర కిందనే మెత్తని రాళ్ళు కొట్టుకుపోకుండా మిగిలాయి. కొండకు నిట్టనిలువు అంచులు వచ్చింది అందుకే. ఎక్కేవాడు ఇదంతా చదివి ఉండనక్కర్లేదు, చెట్లే చెబుతాయి. సున్నం కలిసిన సారవంతమైన నేల మీద లిండెన్, ఎల్మ్, హేజెల్ వంటి ఆకురాల్చే చెట్లు, వసంతంలో వాటి కింద నీలిపూలు. కాస్త పైకెళ్తే స్ప్రూస్ నీడ. చివరికి మట్టి పలచబడ్డ బండల మీద వంకర తిరిగిన పైన్ చెట్లు. గంటన్నర నడకలో ఇన్ని మారే చోటును ఎత్తు చూసి చిన్నదనడం న్యాయం కాదు. 1895 శీతకాలంలో ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే సాండ్వికా దగ్గర బస చేసి, మారే వెలుగులో ఇదే కొండను పదికి పైగా కాన్వాసుల మీద మళ్ళీ మళ్ళీ గీశాడు. ఎత్తు కొండలకు కొదవలేని దేశంలో ఆయన పదే పదే చూసినది ఈ పొట్టి కొండనే.

ఇక దారుల సంగతి. మెట్రో స్టేషను వైపు నుంచి వచ్చే దారి చివర్లో కాళ్ళకు పని చెబుతుంది. వెనక వైపు, ఉత్తరం నుంచి వచ్చేవి మెల్లగా ఎక్కుతాయి. డేలివన్ అనే చిన్న సరస్సు పక్క నుంచి మొదలుపెడితే పొలాలు, పాత అడవి రెండూ తగులుతాయి. ఏ దారిన వచ్చినా దక్షిణపు కొండచరియలను చుట్టుకుని పైకి చేరాలి. ఆ చరియలు తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళవి. ఇన్ని వైపుల నుంచి ఎవరినీ అడగకుండా, టికెట్టు కొనకుండా ఎక్కగలగడానికి మూలం 1957లో వచ్చిన ఫ్రిలుఫ్ట్స్‌లోవెన్ అనే బహిరంగ విహార చట్టం. అంతకుముందు తరతరాల అలవాటుగా ఉన్నదాన్ని ఆ చట్టం హక్కుగా రాసింది. సాగులో లేని అడవి, బీడు, కొండ ఎవరి సొంతమైనా సరే, ఏడాది పొడవునా ఎవరైనా నడవవచ్చు. సాగుభూమికి లెక్క వేరు: నేల గడ్డకట్టినప్పుడో మంచు కప్పినప్పుడో మాత్రమే దాటాలి, అదీ ఏప్రిల్ 30 నుంచి అక్టోబరు 14 వరకు కుదరదు. ఇంటి పెరట్లోకి ఎప్పుడూ వెళ్ళకూడదు. డేరా వేస్తే మనుషులుండే ఇంటికి కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి. ఈ హక్కుకు పౌరసత్వంతో పని లేదు. ఉద్యోగాల కోసం ఓస్లో వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబానికీ అక్కడే పుట్టిన రైతుకూ అడవిలో ఒకటే చట్టం.

చట్టం హక్కునిస్తుంది కానీ దారి వేయదు. పొగమంచులో ఎటు తిరగాలో చెప్పేది చెట్టు మీది రంగు గుర్తు. ఓస్లో చుట్టుపక్కల అడవుల్లో నడక దారులకు నీలం, స్కీ దారులకు ఎరుపు. పైన ఎత్తు పర్వతాల్లో రాళ్ళ గుట్టల మీద ఎర్రటి టి అక్షరం. 1868లో పుట్టిన నార్వే ట్రెక్కింగ్ అసోసియేషన్ ఈ గుర్తుల పనికి పెద్ద దిక్కు. ఆ సంస్థకు 3 లక్షలకు పైగా సభ్యులున్నారు. బురదలో పలకలు పరిచేదీ, చెరిగిన రంగు మళ్ళీ పూసేదీ ఎక్కువగా జీతం లేని స్థానిక సభ్యులే. గుర్తులు పెట్టాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. నడవడానికి అడగక్కర్లేదు, దారిని తీర్చిదిద్దడానికి అడగాలి. ఈ తేడా నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. రద్దీ ఎక్కువైన చోట రంగు చాలదు, రాయి కావాలి. ప్రైకెస్టూలెన్ దారిలోనూ మరెన్నో కొండల మీదా కోసుకుపోతున్న నేలకు రాతిమెట్లు పేర్చింది నేపాల్ నుంచి వచ్చిన షెర్పా మేస్త్రులు. నార్వే గర్వపడే దారుల్లో హిమాలయాల చేతిపని ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. ఒకరి ఆస్తిలో ఊరందరూ తిరిగితే యజమానికి అన్యాయం కాదా? ప్రశ్న సబబైనదే. కానీ ఆ హక్కు ఎంతవరకో చూడాలి. కలప యజమానిదే, వేట హక్కు యజమానిదే. అందరికీ దక్కేది నడక, కాసేపటి విడిది, ఇన్ని అడవిపళ్ళు, పుట్టగొడుగులు. వాహనం తేవడానికి లేదు. 1977 నాటి చట్టం అడవుల్లో మోటారు వాహనాలను నిషేధించింది. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు అడవిలో మంట పెట్టకూడదు. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకు కుక్కను తాడుతో పట్టుకునే నడపాలి, పక్షులూ జంతువులూ పిల్లలు పెట్టే కాలం కనుక. నడిచేవాళ్ళ వల్ల నిజంగా నష్టం జరుగుతుంటే ఆ చోటును మూసేందుకు కూడా చట్టంలో వీలుంది. అయితే ‘లోపలికి రాకూడదు’ అన్న బోర్డు యజమాని తన ఇష్టానికి పాతలేడు. ఇచ్చిపుచ్చుకోవడంలో యజమాని వైపు త్రాసు మరీ తేలిపోయిందని అనలేం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 55 లక్షల జనం, అంత నేల ఉన్న దేశానికి ఇవన్నీ సాధ్యమే, జనం పెరిగితే హక్కులు నిలుస్తాయా అని. అయితే నార్వే జనం నేలంతా సమానంగా పరుచుకుని లేరు. 7 లక్షలు దాటిన ఓస్లో, దాన్ని ఆనుకుని లక్ష దాటిన బేరుమ్, వీటికి దగ్గరలో ఉన్నవి ఈ పొట్టి కొండలే. ఒత్తిడి అక్కడే ఎక్కువ. ఇళ్ళ స్థలాల ఆకలి నుంచి నగరం చుట్టూ ఉన్న అడవిని కాపాడటానికి 2009లో మార్కా చట్టమని ప్రత్యేకంగా ఒకటి తేవాల్సి వచ్చింది. అంటే జనం తక్కువ కాబట్టి అడవి మిగిలిందని కాదు, జనం ఉన్నచోట పట్టుబట్టి మిగుల్చుకున్నారు. దీనికి ఎదురుగా ట్రోల్‌టుంగాను పెట్టి చూడండి. 2010లో వెయ్యిమంది కూడా వెళ్ళని ఆ బండకు 2016 నాటికి ఏడాదికి సుమారు 80 వేల మంది వెళ్ళారు. రానూపోనూ పాతిక కిలోమీటర్లు దాటే ఆ దారిలో అలసిపోయినవాళ్ళను దింపడానికి సహాయక బృందాలు పరుగులు తీశాయి. అంతమందినీ అక్కడికి రప్పించినది ఒక్క ఫోటో. నడక కోరేవాళ్ళకు ఇంటి పక్కన పది కొండలుంటే బరువు పది దారుల మీద పడుతుంది, ఏ ఒక్కటీ అరిగిపోదు. జనం ఎక్కువున్న చోటికే పొట్టి కొండ అవసరం మరింత ఎక్కువని నేను నమ్మడానికి కారణం ఇదే.

పొట్టి కొండ కదా అని చెప్పులేసుకుని బయల్దేరే వాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక అవసరం. కోల్సోస్ చరియల అంచుల్లో అన్నిచోట్లా కమ్మీలు లేవు. తడిసిన స్ప్రూస్ వేళ్ళ మీద బూటు కూడా జారుతుంది. జూన్‌లో ఇంచుమించు 19 గంటలు వెలుగుండే ఓస్లోలో డిసెంబరులో 6 గంటలే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మొదలుపెట్టిన నడక చీకట్లో ముగుస్తుంది. శీతకాలంలో దీపం, బూటుకు తగిలించే ఇనుప ముళ్ళు ఉండాలి. వేసవిలో గడ్డిలో తిరిగి వచ్చాక ఒంటి మీద పిడుదులున్నాయేమో చూసుకోవాలి, అవి రోగాలు మోస్తాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మే నుంచి సెప్టెంబరు మధ్య, వానలేని రోజు, ఉత్తరపు వాలు దారి మేలు. దక్షిణపు కొస దగ్గర పిల్లల చెయ్యి వదలకూడదు.