కారు డాష్‌బోర్డు వెనుకనున్న పెట్టె

మోటారు కారు డాష్‌బోర్డు వెనుక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉండును. కారులోనికి వచ్చు చల్లగాలి, వెచ్చగాలి రెండును దీని నుండియే వచ్చును. మరమ్మతుకై దీనిని ఊడదీయుటకు మరలు విప్పిన చాలదు. లోపల నేమున్నదో ముందు తెలియవలెను.

పెట్టెలో గొట్టపు చుట్టలు రెండు గలవు. ఒకదానిలో ఇంజనును చల్లార్చి వేడెక్కిన నీరు ప్రవహించును. రెండవదానిలో శీతలీకరణ ద్రవము ఆవిరియగుచు, అందుకు కావలసిన గుప్తోష్ణమును గాలి నుండి గ్రహించును. అరచేతిలో రెండు స్పిరిటు చుక్కలు వేసి ఊదినచో చల్లగా నుండుటకు కారణమిదియే. ఈ చుట్టల గొట్టములు ఇంజను వైపునకు పోవును. వానిని విడదీయనిదే పెట్టె కదలదు.

ప్రమాదమంతయు ఇక్కడనే యున్నది. అనేక కార్లలోని ఆర్-134ఏ అను ద్రవము వాతావరణ పీడనము వద్ద −26° సెం. కే మరుగును. 30° సెం. వద్ద మూసిన గొట్టములో దాని పీడనము వాతావరణ పీడనమునకు 7 రెట్లు మించును. గొట్టము విప్పినచో అది చిమ్మి, ఆవిరియగుచు, తాకిన చర్మమును గడ్డకట్టించును. గాలిలో కలిసినచో, 100 సంవత్సరముల కాలములో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కించును.

కావున మెకానిక్కు మొదట యంత్రముతో ఈ ద్రవమును సిలిండరులోనికి తోడుకొనును. ఇంజను చల్లారిన పిమ్మట నీటిని దింపును. డాష్‌బోర్డులో గాలిసంచి యుండును గనుక బ్యాటరీ తీగను విప్పి, తయారీదారు చెప్పినంతసేపు ఆగును. ఆ తరువాతనే పెట్టెను బయటకు తీయును. విప్పిన గొట్టములకు వెంటనే బిరడాలు బిగించును. లేనిచో గాలిలోని తేమ లోపల చేరి, మంచుగా మారి, ద్రవము పోవు సన్నని త్రోవను మూసివేయును.