చెట్లు కోసే పాత మిషన్‌కి కొత్త ఊపిరి

వీధి చివర ఆర్ఎక్స్ 100 సౌండ్ వినపడగానే 'సైలెన్సర్ మార్చాడ్రా' అని కనిపెట్టేసే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు. వాడికి ఓ పాత చైన్‌సా చేతికిచ్చి చూడండి, ఆ రోజు తిండి మర్చిపోతాడు. ఎందుకంటే అందులో ఉండేదీ టూ-స్ట్రోక్ ఇంజినే. చేతక్ స్కూటర్‌కి పోసినట్టే పెట్రోల్లో 2టీ ఆయిల్ కలిపి పోయాలి. అదే పొగ, అదే వాసన. తేడా ఒక్కటే. బండి మిమ్మల్ని మోస్తుంది. దీన్ని మీరే మోయాలి, అదీ తిరిగే చైన్ మొహానికి మూరెడు దూరంలో ఉండగా!

మాది విశాఖ. చైన్‌సా శబ్దం నేను మొదట విన్నది 2014 అక్టోబర్‌లో, హుద్‌హుద్ వెళ్లిపోయిన మర్నాడు. రోడ్లకి అడ్డంగా పడిన చెట్లను కోస్తుంటే వీధి వీధంతా అదే మోత. ఇప్పుడు ఉద్యోగం అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర. వారమంతా కీబోర్డు, శనివారం వస్తే గ్యారేజీలో పాత చైన్‌సాలు. నాన్నకి ఫోన్లో చెబితే 'అంత చదివించింది ఇందుకా, చేతులు జాగ్రత్తరా' అంటారు.

నిజానికి ఈ పిచ్చి పట్టడానికి ఇంతకంటే మంచి ఊరు లేదు. ఇక్కడి అడవుల్లో పనిచేసిన జో కాక్స్ అనే ఆయన 1946లో ఓ మోడును తొలిచేస్తున్న పురుగును చూశాడు. అది ఎడమకీ కుడికీ మార్చి మార్చి కొరుకుతూ చెక్కను ఈజీగా తినేస్తోంది. అదే ఐడియాతో ఇంటి బేస్‌మెంట్‌లో కొత్త రకం చైన్ తయారుచేసి, 1947లో కంపెనీ పెట్టాడు. ఈ రోజు మీరు ఏ చైన్‌సా చూసినా, దాని పళ్ల వెనక ఆ పురుగు ఉన్నట్టే!

అంతకుముందు పెట్రోల్ రంపం అంటే ఇద్దరు మోయాల్సిన బరువు. పైగా ఫ్లోట్ కార్బరేటర్ కావడంతో ఇంజిన్‌ని పక్కకి వంచితే ఆగిపోయేది. డయాఫ్రమ్ కార్బరేటర్ వచ్చాకే తలకిందులుగా పట్టుకున్నా నడవడం మొదలైంది. 1949లో మెకల్లక్ కంపెనీ 3-25 మోడల్ తెచ్చింది. బరువు 25 పౌండ్లు, అంటే పదకొండు కిలోలకు కాస్త ఎక్కువ. ఒక్క మనిషి, ఒక్క రంపం.

ఇప్పుడు నా బల్ల మీదున్నది అదే కంపెనీ 10-10. పసుపు రంగు, 54 సీసీ, 1970ల నాటిది. మా వీధిలో ఉండే రిటైర్డ్ లాగర్ తెచ్చిచ్చాడు. లాగర్ అంటే అడవిలో చెట్లు కొట్టే పని చేసినవాడు. 'ఇరవై ఏళ్లుగా షెడ్డులో పడుంది. ఈ చలికాలం కట్టెలు దీంతోనే కోసుకుంటా, బాగుచేసి పెట్టు' అన్నాడు.

పాత చైన్‌సా దొరగ్గానే తాడు లాగేయకూడదు. ముందు సైలెన్సర్ విప్పాలి. విప్పితే కిటికీలోంచి చూసినట్టు పిస్టన్ కనిపిస్తుంది. దాని మీద నిలువు గీతలుంటే ఆయిల్ చాలక సీజ్ అయిందని అర్థం. అక్కడే సగం కథ తేలిపోతుంది. దీని పిస్టన్ మాత్రం అద్దంలా ఉంది. కంప్రెషన్ గేజ్ పెడితే 130 పీఎస్ఐ చూపించింది. 120 దాటితే ప్రాణం ఉన్నట్టే.

స్పార్క్ మాత్రం లేదు. ఆ కాలం మిషన్లకి ఫ్లైవీల్ కింద పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ పాయింట్ల మీద తుప్పులాంటి పొర కట్టేస్తుంది. ఓ విజిటింగ్ కార్డు ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలాసార్లు అదే వచ్చేస్తుంది. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య ఖాళీ పెట్టడానికి కూడా అదే కార్డు! నా దగ్గరున్న పాత ఆఫీసు కార్డులన్నీ ఇలాగే అయిపోయాయి.

అసలు శత్రువు వేరే ఉంది: ఇథనాల్. ఇక్కడ బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరుకి అది పడదు. పైపులు మెత్తబడి జిగురవుతాయి, డయాఫ్రమ్ అప్పడంలా గట్టిపడుతుంది. మన దగ్గర ఇప్పుడు ఇరవై శాతం కలిపిన పెట్రోలే కదా, తాతగారి చేతక్‌నో నాన్న ఆర్ఎక్స్‌నో దాచుకున్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ రబ్బర్లనే. నేను పైపు, డయాఫ్రమ్, గ్యాస్కెట్లు అన్నీ మార్చేశాను. చిన్న కిట్టే, ఇప్పటికీ దొరుకుతుంది. మిగతా భాగాలతోనే ఇబ్బంది. మెకల్లక్ పేరు ఇప్పుడు హస్క్‌వర్నా చేతికి వెళ్లింది, ఈ పాత మోడళ్లకి సామాన్లు కంపెనీ నుంచి రావు. ఒకటి బతకాలంటే ఇంకోటి అవయవదానం చేయాలి. అందుకే నా గ్యారేజీలో ఎప్పుడూ రెండు మూడు 'శవాలు' ఉంటాయి.

అన్నిట్లోకీ నాకిష్టమైన పని ట్యూనింగ్. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, కోయకుండా గాల్లో పట్టుకుంటే ఇంజిన్ కొంచెం గరగరమనాలి. అంటే ఆయిల్ కలిసిన పెట్రోల్ సరిపడా అందుతోందన్నమాట. చెక్కలో దింపగానే ఆ గరగర పోయి గొంతు సాఫీ అవ్వాలి. గాల్లోనే ఈల వేసినట్టు నున్నగా అరిచిందా, పిస్టన్ కాలిపోవడానికి రెడీగా ఉందని లెక్క. దీనికి మీటరు కంటే చెవే ముఖ్యం.

ఇక కస్టమైజింగ్. ఇక్కడ కుర్రాళ్లు ఎక్కువగా చేసేది సైలెన్సర్ రంధ్రం పెద్దది చేయడం, పోర్టులు అరగదీయడం. సేమ్ మన ఆర్ఎక్స్ బ్యాచ్ టెక్నిక్. పవర్ పెరుగుతుంది, నిజమే. ఈ మెకల్లక్ ఇంజిన్లయితే 1950ల చివర్లో గో-కార్ట్ రేసుల్లోకి కూడా వెళ్లాయి. మా పెద్దాయన కూడా అదే అడిగాడు: 'సైలెన్సర్ తెరిచెయ్. అప్పట్లో అందరం అలాగే వాడేవాళ్లం.'

నేను ఒప్పుకోలేదు. ఈ మిషన్‌కి చైన్ బ్రేక్ లేదు మరి. బార్ ముక్కు పైభాగం చెక్కకి తగిలితే రంపం మొత్తం క్షణంలో పైకి లేచి మనవైపే తిరుగుతుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. అప్పటికి చైన్ గంటకు 70-80 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. హస్క్‌వర్నా 1973లో ఆటోమేటిక్ చైన్ బ్రేక్ తెచ్చింది, ఆ తర్వాత మిగతావాళ్లూ పెట్టారు. బ్రేక్ లేనిదానికి పవర్ పెంచడమంటే, బ్రేకులు పీకేసిన బండికి సైలెన్సర్ మార్చడమే!

అందుకే నా కస్టమైజింగ్ రివర్స్‌లో ఉంటుంది. ఉన్న 24 అంగుళాల బార్ తీసేసి 16 అంగుళాలది వేశాను. చైన్ కూడా కిక్‌బ్యాక్ తక్కువుండే రకం. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టాను, ఇక తాడు లాగి లాగి భుజం పోగొట్టుకోనక్కర్లేదు. పెయింట్ జోలికి పోలేదు. ఆయన అరచేయి అరగదీసిన చోట పసుపు పోయి లోహం మెరుస్తోంది. దాన్ని కప్పేస్తే ఇక అది ఆయన రంపమే కాదు.

ఒక్కటి మాత్రం ఏం చేసినా మారలేదు: వణుకు. ఇంజిన్‌కీ హ్యాండిల్‌కీ మధ్య రబ్బరు బుష్‌లు లేవు, అదురంతా నేరుగా ఎముకల్లోకే. 1960లలోనే బ్రిటన్, జపాన్ అడవి కూలీల వేళ్లు చలికి పాలిపోవడం డాక్టర్లు గమనించారు. రంపం అదురుకి వేళ్లలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. మా పెద్దాయన పొద్దున్నే కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుంటాడు, వేళ్ల చివర్లు సుద్దముక్కల్లా ఉంటాయి. మళ్లీ ఆ చేతులకే ఈ మిషన్ ఇవ్వాలా?

ఆ మాటే అడిగాను. 'చేతులు నావి కదా' అన్నాడు. వాళ్లమ్మాయి బ్యాటరీ చైన్‌సా కొనిచ్చింది, దానికి బ్రేకూ ఉంది, అదురూ తక్కువే. 'అది టూత్‌బ్రష్‌లా ఉంది' అని ఈయన గొణుగుడు. చివరికి ఒక బేరం కుదిరింది. కట్టెలన్నీ టూత్‌బ్రష్‌తోనే. పాతదానితో నెలకో దుంగ, అదీ నేను పక్కనుండగా, కాళ్లకి గార్డులు, తలకి హెల్మెట్ వేసుకుని.

గత శనివారం మొదటి దుంగ కోశాడు. బొటనవేలితో ఆయిలర్ నొక్కుతూ, తల వంచి గొంతు వింటూ, రెండు నిమిషాల్లో ముక్క కింద పడేశాడు. నాకంటే చాలా నీట్‌గా. తర్వాత పాత పొడుగు బార్ అడిగితే ఇచ్చేశాను, గోడకి తగిలించుకున్నాడు. దాని చైన్ మాత్రం ఇంకా నా గ్యారేజీలో మేకుకే వేలాడుతోంది. ఇప్పటికి రెండుసార్లు అడిగాడు.